అత్తయ్య పట్టని సందు

వంతెన కదలకూడదని అందరూ అనుకుంటారు. కదలని వంతెన ఎక్కువకాలం బతకదు. ఎండకు అది సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకు వీలుగా స్తంభానికీ పైనున్న రోడ్డుకీ మధ్య ఒక జారుడు బేరింగు పెడతారు. అడుగున తెల్లటి టెఫ్లాన్ రేకు, దాని మీద అద్దంలా మెరిసే ఉక్కు పలక, మధ్యలో కాస్త గ్రీజు. పైపలక కిందిరేకు మీద ఎంత తేలిగ్గా జారుతుందో చూసి చెప్పడం నా ఉద్యోగం.

"జారిందా లేదా అని చూడ్డానికి ఒక ఉద్యోగమా?" అంటారు మా ఆయన. ఆయన దర్జీ. గుండీ కాజాలో పడుతుందా లేదా అని పదిసార్లు చూసుకునే మనిషి నన్నలా అంటే ఒళ్లు మండదూ?

మా లాబ్ ఒక పొడవాటి రేకుల షెడ్డు. లోపల ఒకటే పెద్ద యంత్రం. బేరింగును షెడ్డు నేలకు బిగించిన చట్రంలో కూర్చోబెట్టి, పైనుంచి వంతెనంత బరువుతో నొక్కుతాం. పక్కనుంచి ఒక జాకీ దాని పైపలకను నెమ్మదిగా ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది. ఆ జాకీ వీపు మాత్రం షెడ్డుకు తగలదు. బయట భూమిలో పాతిన ఓ పెద్ద కాంక్రీటు దిమ్మకు ఆనుకుని ఉంటుంది. జారడానికి ఎంత బలం పట్టిందో కాగితం మీద గీత పడుతుంది. అలా వారాల తరబడి, పొద్దస్తమానం. మధ్యలో ఆపితే పలక రేకుకు అతుక్కుపోయి మొరాయిస్తుంది, లెక్కంతా పాడవుతుంది, మళ్లీ మొదటికే రావాలి.

షెడ్డు పక్కనే మా ఇల్లు. రెండు గోడలకీ మధ్య ఒక సందు. సందుకు ఆ చివర ప్రహరీ, ఈ చివర వీధి. మా ఇంటి గుమ్మం ఆ సందులోకే తెరుచుకుంటుంది కాబట్టి మేం లోకంలోకి రావాలంటే దానిలోంచి రావాల్సిందే. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా లాబ్ కిటికీ. మధ్యాహ్నం అయ్యేసరికి మా అత్తయ్య కారియరు పట్టుకుని సందు దాటి వచ్చి, ఆ కిటికీలోంచి నాకు భోజనం అందించి, "జారిందా?" అని అడిగి వెళ్తుంది.

ఎందుకడుగుతుందో చెప్పాలి. మా అత్తయ్య భారీ మనిషి. ఆ మాట ఆవిడ ముందు అన్న మగాడు ఊళ్లో ఒక్కడే, పడవవాడు. ఏటికి అవతలి ఒడ్డున ఆవిడ అక్కగారు ఉంటుంది. ఒకసారి అక్కను చూడ్డానికి పడవెక్కితే పడవ ఓ పక్కకి ఒరిగింది. "అమ్మా, మీరిటే ఉండండి, మిగతావాళ్లందరూ అటుపక్కకెళ్లి కూర్చోండి" అన్నాడట వాడు. ఆవిడ మారు మాట్లాడకుండా దిగి ఇంటికొచ్చేసింది, మళ్లీ రేవు మొహం చూడలేదు. అక్కగారికేమో మోకాళ్ల నొప్పులు, నడిచి రేవుదాకా రాలేదు. ఒక కడుపున పుట్టినవాళ్లిద్దరూ చెరో ఒడ్డున కూర్చుని ఫోనులో అరుచుకుంటూ ఉంటారు. ఆ అరుపులకి ఫోను కూడా అనవసరమే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన కట్టారు. రోడ్డు వేశారు, రెయిలింగుకు రంగు వేశారు. ఇక మిగిలింది బేరింగుల పరీక్ష. మా లాబ్ 'సరే' అంటే వంతెనని కాస్త పైకెత్తి వాటిని కింద కూర్చోబెట్టి దారి తెరుస్తారు. మా అత్తయ్య అక్క గుమ్మంలోకి నడిచి వెళ్లాలంటే నా యంత్రంలో ఆ పలక జారాలి.

జారింది. మామూలుగా కాదు, మొదటిరోజే గీత అడుక్కి అంటుకుపోయింది. అంత తక్కువ రాపిడి నా సర్వీసులో చూడలేదు.

మా పెద్దసారు ఆనందానికి హద్దుల్లేవు. లాబ్ ఆయనదే. మంచివారే గానీ ఎంగిలి చేత్తో కాకిని తోలరు. పరీక్ష అయిపోయిన టెఫ్లాన్ రేకుల్ని ఏం చేస్తారు సార్ అని చేరిన కొత్తలో అడిగితే, "వృథా పోనివ్వలేదులే" అని గుంభనంగా నవ్వారు. నేనూ వదిలేశాను.

"ఇది లోకంలోకెల్లా గొప్ప బేరింగమ్మా," అన్నారు గీతను కళ్లకద్దుకుంటూ. "ముసలాడు ఊదినా జారుతుంది."

ఆ రోజుల్లోనే నాకో సుఖం అమరింది. అత్తయ్య సందు దాటి రావక్కర్లేకుండా, గుమ్మంలో నిలబడే చెయ్యి చాపి కారియరు కిటికీలోంచి ఇచ్చేస్తోంది. ఆవిడ చెయ్యి ఇంత పొడవని ఇన్నాళ్లూ గమనించలేదే అనుకున్నాను. ఇంజినీరింగు చదివినదాన్ని, అనుకోవడం వరకు బాగానే అనుకున్నాను.

తర్వాత ఒక ఉదయం అత్తయ్య కూరగాయలకని బయల్దేరి, సందు మధ్యలోంచి తిరిగొచ్చేసింది. మోచెయ్యి గీరుకుపోయింది.

"ఏమైందత్తయ్యా?"

"ఏం కాలేదు. బుట్ట పెద్దదైంది."

మర్నాడు బుట్ట లేకుండా వెళ్లింది. ఇంకో రెండ్రోజులకి పక్కకి తిరిగి, పీతలాగా నడిచి వెళ్లింది. ఇదంతా కుట్టుమిషను దగ్గర కూర్చుని చూసిన మా ఆయన, తల్లి మీద ప్రేమ కొద్దీ, "అమ్మా, కాస్త ఒళ్లు తగ్గిస్తే మంచిదేమోనే" అన్నారు. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. ఈ మాట వంటింటిదాకా వెళ్లి అక్కడ పొయ్యి ఆర్పేసింది.

అత్తయ్య రాత్రి భోజనం మానేసింది. వారం తిరక్కుండా మధ్యాహ్నం కూడా సగం చేసింది. నాకు మాత్రం కారియరు నిండుగా పంపేది.

"వంతెన తెరిచే రోజుకి నేను ఈ సందులోంచి బయటపడాలా వద్దా?" అంది, నేను కంచం ముందు పెట్టి బతిమాలితే. "అక్కడ అక్క నా కోసం కూర్చునుంటుంది. ఇక్కడ నేను రెండు గోడల మధ్య బిరడాలా ఇరుక్కుంటే నవ్వరూ జనం? ఆ పడవవాడొక్కడు చాలడూ చాటింపెయ్యడానికి?"

ఆవిడతో నాకు సవాలక్ష తగువులున్నాయి. ఉప్పు దగ్గర, తలుపు గొళ్లెం దగ్గర, ఆరేసిన బట్టల దగ్గర. కానీ తిండి మానేసిన మనిషితో ఎలా పోట్లాడతాం? ఇంట్లో గొంతు లేవడం మానేసింది, అది మరీ భరించలేకపోయాను.

ఒకరోజు మా ఆయన తల్లి బట్టలు మిషను మీద వేసుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారండీ?"

"అమ్మవి కుట్లు బిగిస్తున్నాను. మరీ వదులైపోయాయి. ఇది రెండోసారి."

"వదులయ్యాయా? అంటే అత్తయ్య చిక్కిపోయారన్నమాట."

"బెత్తెడు తగ్గింది నడుము."

"మరి సందులో ఇంకా ఎందుకు పట్టట్లేదు?"

మా ఆయన సూది నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. "ఎముకలు వెడల్పయి ఉంటాయి," అన్నారు.

ఆ ఎముకల సంగతి వినగానే నా బుర్రలో ఏదో కదిలింది. లేచి సందులోకి వెళ్లాను. నేను బక్కదాన్ని కాబట్టి పట్టాను. లాబ్ పైకప్పు నుంచి వాననీళ్లు దిగే ఇనప గొట్టం ఒకటుంది. ఇదివరకు అది మా గోడకి మూరెడు దూరంలో ఉండేది. ఇప్పుడు నా తలకి పైన దాని వంపు మా గోడకి తగిలి, సున్నంలో గుంట చేస్తోంది. నేను చూస్తుండగానే ఆ వంపు నెమ్మదిగా సున్నంలోకి దిగింది, ఆగింది, వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. వచ్చినంత వెనక్కి వెళ్లడం లేదు. నేల సందు వైపుకి కాస్త వాలుగా ఉంది మరి. ఆ రాకపోకల తీరు నాకు బాగా తెలుసు. రోజంతా నేను చూసేది అదే, నా జాకీ నడక.

బేరింగు జారడం లేదు. బిల్డింగు జారుతోంది.

పరుగెత్తుకెళ్లి పెద్దసారుకి చెప్పాను.

"బిల్డింగులు కదలవమ్మా," అన్నారాయన జాలిగా. "కదిలేవి వంతెనలు. పుస్తకాల్లో అలాగే ఉంది."

"సార్, మా ఇంటి గోడ గీరుకుపోతోంది. వచ్చి చూడండి."

"అయితే మీ ఇల్లే జరిగి ఉంటుంది. పాత ఇళ్లని నమ్మలేం."

"ఒక్కసారి యంత్రం ఆపి చూద్దాం సార్."

"రేపు వంతెన ఇంజినీరుగారు చూడ్డానికొస్తున్నారు. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. వంతెన వాయిదా పడుతుంది. పడనివ్వనా?"

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆపితే అత్తయ్యకి వంతెన లేదు, ఆపకపోతే అత్తయ్యకి సందు లేదు.

ఇంటికొచ్చి కనీసం నిజం చెబుదామనుకున్నాను. "అత్తయ్యా, మీరు లావవలేదు. లాబ్ జరిగి మన మీదికొస్తోంది. దయచేసి అన్నం తినండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా గడ్డం పట్టుకుని, "ఎంత మంచిదానివే! నా మనసు కష్టపెట్టకూడదని బిల్డింగే జరిగిందంటున్నావా! కడుపున పుట్టినవాడు లావన్నాడు, పరాయింటి పిల్ల తప్పు గోడ మీదికి తోసింది," అంది. అన్నం మాత్రం తినలేదు.

మర్నాడు వంతెన ఇంజినీరు వచ్చాడు. మెళ్లో టై, చేతిలో పెద్దసారు ఇచ్చిన టీ కప్పు, అది ముప్పాతిక ఖాళీ. గీతను చూసి ముచ్చటపడిపోయాడు. "ఇంత తక్కువా! ఇలాంటిది ఎక్కడా వినలేదండీ," అని కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడే గీత పైకి లేచింది.

లేచి, మూపురంలా ఉబ్బి, అక్కడే నిలబడింది. "ఇదేమిటి?" అన్నాడు ఇంజినీరు. పెద్దసారు కాగితాన్ని తుడిచారు. గీత పోలేదు. కిటికీ అవతల నుంచి ఒక కేక వినపడింది. ఏటి అవతలికి వినపడే గొంతది, నాకు తెలియదూ?

ఎర్ర మీట నొక్కి యంత్రం ఆపేశాను. "ఆపకు, ఆపకు!" అని పెద్దసారు అరుస్తూనే ఉన్నారు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, మా అత్తయ్య వీపు మా గోడకీ, పొట్ట లాబ్ గోడకీ ఆనించి నిలబడి ఉంది. వంతెన ఎప్పుడు తెరుస్తారో ఇంజినీరుని స్వయంగా అడుగుదామని బయల్దేరిందట. మధ్యలో నా కారియరు రొట్టెలా అణిగిపోయింది.

"అత్తయ్యా! దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదే, పరువు! నేను పట్టలేదు! నెలరోజులు కడుపు మాడ్చుకున్నా పట్టలేదు!" అని ఏడుస్తూ, ఆ ఏడుపులోనే కోపం వచ్చి, ఎదుటి గోడకి రెండు చేతులూ ఆనించి, "పో అవతలికి!" అని ఒక్క తోపు తోసింది.

లాబ్ వెళ్లింది.

చప్పుడు కూడా లేదు. నూనె రాసిన సొరుగు మూసుకున్నట్టు మొత్తం షెడ్డు, యంత్రం, పెద్దసారు, ఇంజినీరు, నేను, అందరం కలిసి మూరెడు వెనక్కి జరిగిపోయాం. ఇంజినీరు చేతిలో టీ ఆయన టై మీదికి వెళ్లింది. ఆయన కిటికీ అంచు పట్టుకుని, తెల్లబోయిన మొహంతో, "ఎవరమ్మా తోసింది?" అన్నాడు.

"నేనే," అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ. "ఆడమనిషి మీదికి అలా వస్తే తొయ్యరా? మీ ఇంట్లో ఆడవాళ్లు లేరూ?"

అందరం సందులో చేరాం. సందు ఇప్పుడు విశాలంగా ఉంది. అత్తయ్య చేతులు రెండూ బార్లా చాపి చూసుకుంది, ఒకసారి తిరిగింది, ఇంకోసారి తిరిగింది. తర్వాత నా వైపు చూసింది.

"అయితే నువ్వన్నది నిజమేనా?"

"నిజమే అత్తయ్యా."

"మరి గట్టిగా చెప్పొద్దుటే!"

ఇంజినీరు షెడ్డు అడుగున వంగి చూశాడు. "ఈ స్తంభాల కింద ఏం వేశారండీ?" అని అడిగాడు. పెద్దసారు నేల చూపులు చూస్తూ చెప్పారు. వెనకటి లాబ్‌లో పరీక్ష నెగ్గిన పాత టెఫ్లాన్ రేకుల్ని, గ్రీజుతో సహా, షెడ్డు కట్టేటప్పుడు చెమ్మ ఎక్కకుండా స్తంభాల కింద పరిచారట. "అన్నీ పాసైనవేనండీ," అన్నారు గర్వం దాచుకోలేక. "ఫెయిలైనది ఒక్కటి కూడా వెయ్యలేదు."

లోకంలోకెల్లా గొప్పగా జారే బిల్డింగులో కూర్చుని నేను ఇన్నాళ్లూ జారుడు కొలుస్తున్నానన్నమాట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మరి వంతెన బేరింగు ఎందుకు జారలేదు? దాన్ని బయటికి తీసి గుడ్డతో తుడిస్తే తేలింది. దారిలో లారీ కుదుపులకి ఊడిపోకుండా పైపలకనీ కిందిపలకనీ కలిపి నాలుగు పట్టీలు బోల్టులతో బిగించి పంపారు. బేరింగుకు వేసిన రంగే వాటికీ వేశారు. యంత్రంలో పెట్టేముందు విప్పాలి. మేం ఎవరం విప్పలేదు. తిలా పాపం తలా పిడికెడు.

"అంకె మాత్రం బాగుంది కదండీ," అన్నారు పెద్దసారు ఆశ చావక. "ఆ కాగితమే సంతకం పెట్టేస్తే..."

"పెట్టేయండి బాబూ," అంది అత్తయ్య వెంటనే. "తొందరగా తెరుస్తారు. మా అక్క ఎదురుచూస్తోంది."

ఆ మొహం చూసి కాదనడం కష్టం. అయినా అన్నాను. "అత్తయ్యా, ఇది పరీక్షించింది మన లాబ్‌ని, బేరింగుని కాదు. అది నిజంగా జారుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. జారకపోతే ఎండకు సాగిన వంతెన అవతలి ఒడ్డుని తోస్తుంది. ఒడ్డు మీద మొదటి ఇల్లు ఎవరిది?"

అత్తయ్య ఏటి వైపు చూసింది. "అక్కది," అంది. "మళ్లీ మొదట్నుంచీ చెయ్యి. సరిగ్గా చెయ్యి," అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆ క్షణంలో ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంజినీరు ఒక షరతు పెట్టాడు. మళ్లీ పరీక్ష చేసేటప్పుడు బిల్డింగు అంగుళం కదలకూడదు. దూలాలు అడ్డం పెడదామంటే, అవి కొనాలని పెద్దసారు వెనకాడారు. ఇంజినీరు కాగితం మీది మూపురాన్ని వేలితో చూపించి, "ఇక్కడ బిల్డింగు ఆగింది కదా. ఎవరి వల్ల ఆగింది?" అన్నాడు. అందరం అత్తయ్య వైపు చూశాం.

అలా మా అత్తయ్యకి ఉద్యోగం వచ్చింది. సందులో ఒక కుర్చీ. వీపు మా గోడకి, పాదాలు లాబ్ గోడకి. పట్టీలు విప్పిన బేరింగు లోపల జారుతుంటే, బయట ఆవిడ కూరగాయలు తరుగుతూ, దారినపోయేవాళ్లని పలకరిస్తూ, బిల్డింగుని కాళ్లతో ఆపుతూ కూర్చునేది. గీత కాస్త వణికినప్పుడల్లా నేను కిటికీలోంచి "అత్తయ్యా, కాలు!" అనేదాన్ని. "పెట్టానే, పెట్టాను!" అనేది.

వారానికోసారి ఇంజినీరు వచ్చి ఆవిడని తనిఖీ చేసేవాడు. "మీరు చిక్కిపోతే పరీక్ష చెల్లదమ్మా. బాగా తినాలి," అనేవాడు. ప్రభుత్వమే తినమన్నాక ఇక కాదనడమెందుకని ఆవిడ తిన్నది. ఇన్నాళ్ల బాకీ కూడా కలిపి తిన్నది. మా ఆయన బిగించిన కుట్లు విప్పారు, విప్పిన చోట కొత్త గుడ్డ వేశారు, ఇక నోరెత్తలేదు. ఇంట్లో మళ్లీ ఉప్పు దగ్గర తగువు మొదలైంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పరీక్ష అయ్యేసరికి వచ్చిన అంకె గొప్పదేం కాదు. మామూలు బేరింగు మామూలుగా జారింది. పెద్దసారు పెదవి విరిచారు, ఇంజినీరు సంతకం పెట్టాడు.

వంతెన తెరిచిన రోజు అత్తయ్య సందులోంచి నేరుగా, రెండు భుజాలూ ఊపుకుంటూ నడిచి బయటికొచ్చింది. అణిగిపోయిన కారియరుని మా ఆయన సుత్తితో కొట్టి ఓ రూపుకి తెచ్చారు, దాన్నే నా చేతికిచ్చింది. వంతెన మొదట్లో రోడ్డుకీ వంతెనకీ మధ్య ఉన్న ఇనప అతుకు దగ్గర ఆగి, "ఇది కదులుతుందా?" అని నన్నడిగి, అలవాటుగా వంగి చెయ్యి ఆనించింది.

"అమ్మా, అమ్మా, ముట్టుకోకండి!" అంటూ ఇంజినీరు జనాన్ని తోసుకుని పరిగెత్తుకొచ్చాడు.

అవతలి ఒడ్డున మొదటి ఇల్లు. అక్కగారు గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

"ఏమే, ఇంత లావయ్యావేమిటే!" అంది.

ఇంత చేసి ఈ మాట వినడానికా వచ్చింది ఈవిడ అనుకున్నాను. అత్తయ్య మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని, తల ఎగరేసి, "మరి? ఇంత గట్టి వంతెన రావాలంటే ఎవరో ఒకరు లావవ్వాలి కదే!" అంది.

ఇద్దరూ గుమ్మంలోనే కావలించుకున్నారు. ఒకరి చేతులు ఒకరి చుట్టూ పూర్తిగా అందలేదు. అందినంత మేర పట్టుకుని నిలబడ్డారు, ఎంతకీ కదలరు. లోపలికి వెళ్లడానికి దారి లేక నేను కారియరు పట్టుకుని బయటే నిలబడ్డాను.